బోర్డు మీది బొట్టు

"ఆ ఫోటో జర పెద్దగ చెయ్యి," అంది కాంతమ్మ.

చిన్నకోడలు భాగ్యలక్ష్మి ఫోను మీద రెండు వేళ్లు ఆనించి విడదీసింది. వనపర్తి బస్టాండు ఎదుట బట్టల దుకాణం వాళ్లు నిలబెట్టిన పెద్ద బోర్డు ఫోటో అది. అందులో మగ్గం ముందు కూర్చున్న పెద్దకోడలు అలివేలమ్మ మొహం తెర నిండా పరుచుకుంది. నుదుట ఇంత బొట్టు, జడలో మల్లెపూలు, మెడలో పసుపుతాడు. మొగుడు రామస్వామి పోయి ఆరేళ్లయిన మనిషికి, కంప్యూటరు ముందు కూర్చున్నవాడెవడో ముత్తైదువ వేషం కట్టి బజారులో నిలబెట్టాడు.

"మొఖం గాదే. మొఖం చూసుడు అయిపాయె. కిందికి జరుపు. మగ్గం చూపియ్యి."

నాలుగైదు రోజులుగా ఆ ఇంట్లో ఆ బొట్టు పంచాయితీయే నడిచింది. కాంతమ్మ చిన్నకొడుకు కురుమూర్తి నిన్ననే దుకాణం వాళ్లకు ఫోను కలిపి, బొట్టు తామే కంప్యూటరులో పెట్టామని వాళ్ల నోటితో చెప్పించి, వీధి అరుగు మీద అందరికీ వినిపించాడు. ఇంకేముంది, గండం గడిచిందని అందరూ కడుపునిండా తిన్నారు. ముసలామె మాత్రం తెల్లారి లేచి మళ్లీ ఫోను అడిగింది.

కాంతమ్మకు మనుషుల మొహాలు సరిగా ఆనవు కాని, పడుగు విషయంలో ఆమె కళ్లు ఇంకా పడుచువే. ఫోనును ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"బట్ట చుట్టే కర్ర ఒట్టిగున్నది," అంది. "పడుగు మీద ఒక్క పేక గూడ పడలే. ఇగో, ఈ చేతిల నాడె, ఆ చెయ్యేమో అందుకోనీకి తయారుగున్నది. ఇది మొదటి పేక ఏసేటప్పుడు తీసిన ఫోటో."

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న అలివేలమ్మ చెయ్యి ఆగింది.

ఆ ఇంట్లో ఓ పద్ధతి ఉంది. కొత్త పడుగు మగ్గానికెక్కాక, దారపు కండె ఉన్న నాడెను విసిరి ఆ నిలువు దారాల మీద అడ్డంగా వేసే మొదటి పేక ముత్తైదువ చేతితోనే పడాలి. రెండో పేక నుంచి ఎవరు నేసినా తప్పులేదు. రామస్వామి పోయాక అతని మగ్గం మీద అలివేలమ్మ దింపిన చీరలన్నీ అలా నేసినవే. పక్కింటి పెంటమ్మో, తోడికోడలు భాగ్యలక్ష్మో వచ్చి నాడె ఒక్కసారి అటు విసిరి పోయేవారు. ఆ తర్వాత నడుము పడిపోయేదాకా నేసేది ఈమె. అవన్నీ అంగడికి పోయే చీరలు. ఆ ఫోటోలోనూ, ఇప్పుడు మగ్గం మీదా ఉన్నది భాగ్యలక్ష్మి కూతురు వర్ష పెళ్లిపీటల మీద కట్టుకోబోయే చీర.

"అక్కా," అంది భాగ్యలక్ష్మి. గొంతు మెల్లగానే ఉంది. "ఆనాడు నేను బంగారం దెచ్చేతందుకు వనపర్తికి పోయిన. పెంటమ్మక్కతోని మొదటి పేక ఏపిచ్చిన అంటివి గద."

"అన్న."

"ఏసిందా మరి?"

అలివేలమ్మ పడుగు వైపు చూసింది. ఆవపూత రంగు చీర, వంకాయ రంగు అంచు. సగం దాటింది.

"పెంటమ్మ ఇంట్ల లేకుండె," అంది. "ఊరికి పోయింది. ఫోటోలు దీసెటోల్లు పొద్దుగూకుతున్నదని తొందర జేసిండ్రు."

"మరి ఎవరేసిండ్రు?"

ఇంక జవాబు అక్కర్లేదు. అయినా భాగ్యలక్ష్మి అదే మాట మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా నెమ్మదిగా.

అలివేలమ్మ చెవుల్లో వేరే గొంతు వినిపిస్తోంది. ఆ రోజు ఈ గదిలోనే, ఇదే గడప మీద నిలబడి వర్ష అన్న మాట. నా చీరనే గద పెద్దమ్మా, నాకు నీకంటె ముత్తైదువ ఎవరున్నరు, నువ్వే ఏయి. ఆ మాటకు పొంగిపోయి నాడె విసిరింది. ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషంగా విసిరింది. ఇప్పుడు ఆ పిల్ల పేరు తీస్తే తల్లి చేతిలో దాని బతుకేమవుతుందో తెలుసు గనక నోరు కుట్టుకుంది.

కాంతమ్మ ఫోను చిన్నకోడలికి తిరిగి ఇచ్చేసింది.

"లేయ్," అంది. "మగ్గం మీదికెల్లి లేయ్ అలివేలు."

* * *

కురుమూర్తి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. విషయం విని అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"రేపు రేణుకమ్మ వస్తనన్నది," అన్నాడు. రేణుకమ్మ వర్షకు కాబోయే అత్త. వనపర్తిలో కాపురమే గాని ఆమె పుట్టిల్లు మగ్గాల ఇల్లు. "రోజు ఆ బస్టాండు ముంగట్నుంచే పోతది ఆమె. మా అమ్మకు కనవడ్డది ఆమెకు కనవడదా?"

"కోసెయ్యి," అంది భాగ్యలక్ష్మి.

"ఏందే?"

"పడుగు కోసి అవుతల పారెయ్యి. నా బిడ్డ కట్టుకునే చీర అది. కత్తి లేకుంటే నేను తెచ్చిస్త."

తెచ్చిచ్చింది కూడా. కురుమూర్తి కత్తి పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లాడు. సాలెవాడి ఇంట్లో మనిషి పోయినా పడుగు కొయ్యరు. పీనుగను సాగనంపి వచ్చి, మైల దినాలు గడిపి, ఆ చీరను అక్కడి నుంచే నేసి దింపుతారు. రామస్వామి పోయినప్పుడు మగ్గం మీద ఆగిన చీరను దింపింది ఈ కురుమూర్తే. ఇప్పుడు పరుచుకుని ఉన్న దారాల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

"నాతోని గాదు," అన్నాడు.

"నీతోని ఏది అయితది?"

"అమ్మను కొయ్యమను మరి. నువ్వు కొయ్యి."

భాగ్యలక్ష్మి కొయ్యలేదు. కాంతమ్మ ఆ వైపే చూడలేదు. కత్తి కిటికీలో పెట్టి కురుమూర్తి వదిన వైపు తిరిగాడు. అతనికి కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. భయపడ్డప్పుడు అతని బుర్ర చురుగ్గా పనిచేస్తుంది, అదే ఆ ఇంటి దురదృష్టం.

"వదినె, బొట్టు కంప్యూటర్ పెట్టిందంటే అందరు నమ్మిండ్రు గద. చేతులు గూడ కంప్యూటరే పెట్టిందంటే నమ్మరా?"

"చేతులా?"

"ఔ. వేరే ఎవరివో చేతులు తెచ్చి అతికిచ్చిండ్రు. మొదటి పేక పెంటమ్మనే ఏసింది. గంతే చెప్పు. రేణుకమ్మ ముంగట నీ నోటితోని నువ్వే చెప్పాలె. చీర మిగుల్తది. నువ్వే కూసోని నేసి దింపుతవ్."

చివరి మాటకు అలివేలమ్మ మనసు లాగింది. ఆమెకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే. పిల్లలు లేని ఆమె పక్కలోనే వర్ష పెరిగింది. ఆ చీర రంగులు కలిపింది తను, అంచు మీద పువ్వు ఎంచింది తను. కొంగు చివరి పేక దాకా అది తన చేతుల మీదుగానే నడవాలి. పెళ్లిలో వెనక వరుసలో నిలబెట్టినా సరే, వంటల దగ్గర కూర్చోబెట్టినా సరే, పీటల మీద ఉన్నది తను నేసిన చీర కావాలి.

"దుకాణపోల్లు ఒప్పుకుంటరా?" అంది భాగ్యలక్ష్మి. ఆమె గొంతులో అప్పుడే కొంచెం ఆశ పుట్టింది.

కురుమూర్తి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. దుకాణం యజమాని కొడుకు శ్రీనాథ్ ఎత్తాడు.

"అంకుల్, బోర్డు మస్తు నడుస్తున్నది," అన్నాడు ఉత్సాహంగా. "అందరు ఆ చీరనే అడుగుతుండ్రు."

"మా వదినెది తియ్యాలె శ్రీనాథ్. ఇంట్ల పరేషాన్ అయితున్నది."

"బొట్టు సంగతేనా? పెండ్లి చీరల బోర్డు మీద బోసి మొఖం ఉంటే గిరాకి రాదని పెట్టినం అంకుల్. మీకు కష్టమైతే తీసేస్త, దాంట్లేమున్నది. వేరే అమ్మాయి మొఖం పెడ్త. చేతులు మాత్రం ఉంచుత."

"చేతులెందుకు?"

"గట్ల చేతులు మోడల్స్‌కు యాడ దొరుకుతయి అంకుల్? ఆ చేతులు చూసే గద జనం నమ్ముతుండ్రు."

కురుమూర్తి ఫోను పెట్టేశాడు. "వీన్నేం అడిగేది లేదు, చెప్పుడు మనమే చెప్దాం," అన్నాడు. అలివేలమ్మ తన చేతులను కొంగు కింద దాచుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు.

* * *

పుట్టిల్లు తెలకపల్లిలో పిల్లగా ఉన్నప్పుడు అలివేలమ్మకు వారపత్రికలో కథల కంటే చీరల ప్రకటన వేసే వెనక అట్ట ఇష్టం. అట్ట మీద చీర కట్టుకున్న ఆడవాళ్లు గడపలోనో, మేడ మెట్ల మీదనో నిలబడి ఎవరి కోసమో ఎదురుచూస్తుండేవారు. ఆ వచ్చేవాడు రాడేమో అన్న దిగులు వాళ్ల మొహాల్లో వెతికినా దొరికేది కాదు. ఆ ధీమా చీరతో పాటే వస్తుందని ఆమె అనుకుంది. గద్వాల సంబంధం కుదిరిందని విన్నప్పుడు అట్ట మీది మనుషుల ఊరికే కోడలుగా పోతున్నానని మురిసిపోయింది.

వచ్చాక తెలిసింది, చీరలు ఈ ఊళ్లో పుడతాయి గాని నేసినవాళ్ల ఒంటి మీద ఆగవని. మగ్గం ముందు కూర్చున్న ఆమె ఒంటి మీద ఎప్పుడూ సంతలో కొన్న నైలాన్ చీరే. రామస్వామి ఎగతాళి చేసేవాడు, ఆ పుస్తకపోల్లు నిన్ను చూస్తే అట్ట మీదికెక్కిస్తరు పో అని. ఒకసారి నిజంగానే ఆమె కోసం ఒక పట్టుచీర నేశాడు. రెండు పెళ్లిళ్లకు కట్టుకుంది. ఆయన పోయాక ఆ చీరను ఎవరికో ఇచ్చేశారు. ఎవరికి ఇచ్చారో అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది.

అప్పటి నుంచి ప్రకటనలంటే ఆమెకు ఒళ్లు మండేది. దుకాణం వాళ్లు ఇచ్చిన క్యాలెండరును గోడ వైపు తిప్పి పెట్టింది. టీవీలో చీరల ప్రకటన రాగానే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది. వాళ్లు పిలిచే వాళ్లలో తను లేదని తెలిశాక ఆ పిలుపు వినడం ఎందుకు?

మళ్లీ మెత్తబడింది వర్ష ఫోను వల్లే. సాయంత్రాలు పెద్దమ్మ పక్కన చేరి ఆ పిల్ల ఒక్కో బొమ్మా జరుపుతుంటే, ఈ పిల్లకు కుచ్చిళ్లు కూడా పెట్టరాదు, ఈమె అంచు తిరగేసి కట్టింది అంటూ అలివేలమ్మ వంకలు పెట్టేది. వంకలు పెడుతూనే అన్నీ చూసేది. అసలైన నేతగత్తె కావాలని దుకాణం వాళ్లు వర్షను అడిగినప్పుడు ఒద్దు ఒద్దు అంటూనే తల దువ్వుకుంది.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. బోర్డు గొడవ మొదలైన మర్నాడే దారం రంగు చూసొస్తానని చెప్పి వనపర్తి బస్సెక్కింది. బస్టాండు ఎదుట చెరకురసం బండి పక్కన నిలబడి తల పైకెత్తి చూసింది. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది. సిగ్గు వెయ్యలేదు. అందుకు భయం వేసింది. బొట్టు తనది కాదు, పూలు తనవి కావు, తాడు తనది కాదు. అయినా అంత ఎత్తున ఉన్న ఆ మొహంలో, చిన్నప్పుడు అట్ట మీద చూసిన ధీమా ఉంది. అది కంప్యూటరు పెట్టింది కాదు. నాడె విసిరేటప్పుడు తన మొహం అలా ఉంటుందని ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పొయ్యి ముట్టించి కూర్చుని ఆలోచిస్తే ఆమెకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. బోర్డు మీద అబద్ధాలన్నిటినీ వీధి ఒక్క రోజులో క్షమించేసింది. నిజమని చెప్పుకోవడానికి అక్కడ ఉన్నది నాడె పట్టిన చెయ్యి ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరూ ఓర్చుకోలేకపోతున్నారు.

* * *

వర్ష వనపర్తిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దు వాలాక వచ్చింది. తల్లి ఏం చెప్పిందో ఏమో, బ్యాగు అక్కడే పడేసి నేరుగా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పెద్దమ్మా, నా పేరు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. అమ్మ సంపుతది నన్ను. అత్తయ్యోల్లకు తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?"

"చెప్పనంటి గద."

వర్ష పీట లాక్కుని కూర్చుంది. చేతిలో ఫోను తిప్పుతోంది గాని పెద్దమ్మ కళ్లలోకి చూడటం లేదు.

"నాకేం తెలుసు గిట్లయితదని. ఫోటోలు మంచిగొస్తయని అన్న."

అలివేలమ్మ తల ఎత్తింది. "ఫోటోల కోసం అన్నవా?"

"ఏంది?"

"నీకంటె ముత్తైదువ ఎవరున్నరంటివి చూడు. ఆ మాట."

వర్షకు ఆ మాట గుర్తున్నట్టు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, పాపం. "ఏమో పెద్దమ్మా, ఆనాడు వాళ్లు తొందర జేస్తుండ్రి," అంది.

ఫోనులో ఏదో వెలిగింది. వర్ష దానివైపు చూసి, కొంచెం తేలికపడ్డట్టు ముందుకు జరిగింది.

"పోనీ, చీర లేకుంటే ఏమాయె? గిది చూడు. ఫోను రోజు గిదే చూపిస్తున్నది నాకు."

లేత గులాబీ రంగు లెహంగా. కట్టుకున్న పిల్ల ఏదో పాత కోట మెట్ల మీద నిలబడి, గడ్డం కొంచెం ఎత్తి, ఎవరి కోసమో చూస్తోంది.

"ఇప్పుడు అందరు పెండ్లికి గిసుంటియే ఏస్తుండ్రు. పట్టుచీరల నేను లావుగ కనవడ్త పెద్దమ్మా. నువ్వు బాధపడ్తవని చెప్పలే."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. ఇన్ని రోజులు తను నేస్తుంటే పక్కన కూర్చుని ముచ్చట్లు చెప్పిన పిల్ల, ఆ చీర వద్దనుకుంటూనే కూర్చుంది.

"బాగున్నది," అంది అలివేలమ్మ.

"నిజంగనా?"

"నిజంగనే. నీ రంగుకు మంచిగుంటది."

ఆ జవాబుకు వర్ష సంతోషించలేదు. ఏడవనూ లేదు. ఫోను బోర్లించి, బువ్వ పెట్టమని అడిగింది. అలివేలమ్మ పెట్టింది.

* * *

రేణుకమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చింది. పూలు, పండ్లు, ఒక సంచిలో బియ్యం, రవికబట్ట కూడా తెచ్చింది. గయ్యాళి మనిషి కాదు. అలా అయినా బాగుండేది, తిట్టి పోయేది. చల్లగా మాట్లాడుతుంది, అడగదలచుకున్నది అడిగేదాకా లేవదు. ఆ రోజు ఆమె వస్తుందని వర్షను పనికి పోనివ్వలేదు.

చాయ్ అయ్యాక గ్లాసు పక్కన పెట్టింది.

"ఏమనుకోకుండ్రి. మా అమ్మోల్లది గూడ మగ్గాల ఇల్లే. బోర్డు చూసిన కాన్నుంచి మనసుల ఒకటే గుబులుగున్నది. పిల్ల పెండ్లి చీర మొదటి పేక ఎవరేసిండ్రు?"

"మా పక్కింటి పెంటమ్మ ఏసింది," అన్నాడు కురుమూర్తి వెంటనే. "బోర్డు మీది చేతులు మా వదినెవి గావు. బొట్టు పెట్టినట్టే చేతులు గూడ అతికిచ్చిండ్రు. ఇప్పుడు ఏదన్న చేస్తరు గద కంప్యూటర్ల."

రేణుకమ్మ తల ఊపింది. నమ్మినట్టా కాదా తెలియలేదు. గడపలో నిలబడ్డ వర్ష వైపు చూసి నవ్వింది.

"ఆ దుకాణపోల్లను తోలుకొచ్చింది నువ్వేనట గద బిడ్డా. ఫోటోలు దీసేటప్పుడు ఆన్నే ఉన్నవా?"

వర్ష ఒక్క క్షణం పెద్దమ్మ వైపు చూసింది.

"లేను అత్తయ్యా. వాళ్లకు ఇల్లు చూపిచ్చి కాలేజీకి పోయిన. నాకు తెల్వదు."

ఆ మాట ఎంత తడబాటు లేకుండా వచ్చిందో అని అలివేలమ్మ ఆశ్చర్యపోయింది. తను నేర్పని విద్య అది.

"మరి నువ్వు చెప్పు వదినె," అంది రేణుకమ్మ, ఈసారి అలివేలమ్మతో. "ఆ చేతులు నీవి గావా?"

కాంతమ్మ కళ్లు మూసుకుంది. భాగ్యలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవునంటే కత్తి ఇంకా కిటికీలోనే ఉంది. కాదంటే చీర దక్కుతుంది, మగ్గం దక్కుతుంది. లెహంగా మోజు నాలుగు రోజుల్లో తీరి, చీర పూర్తయి కళ్ల ముందుకొస్తే పిల్ల మనసు మారినా మారుతుంది. ఈ చివరి ఆశ ఎంత బక్కదో అలివేలమ్మకు తెలుసు. అయినా దాన్నే పట్టుకుంది.

"గావు," అంది. "నావి గావు."

"పోనీ తియ్యి, మంచిదాయె," అంటూ రేణుకమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. కురుమూర్తి నవ్వాడు. "ఇగ పో వదినె, చీర నడిపియ్యి," అన్నాడు దయగా.

అలివేలమ్మ లోపలికి వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. నాడె తీసుకుంది. నాలుగు పేకలు పడేసరికి నేత దారిలో పడింది. నోరంతా చేదుగా ఉంది గాని, ఆవపూత రంగు మీద దారం వరుసగా చేరుతుంటే ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

బయట రేణుకమ్మ అంటోంది, "మా దిక్కు ఒక పద్ధతున్నది. పెండ్లి చీర మొదటి పేక ఏసిన ముత్తైదువకు మగపెండ్లోల్లు ఒడి నింపాలె. ఆ పెంటమ్మను జర పిలువుండ్రి."

భాగ్యలక్ష్మి వెళ్లి పెంటమ్మను పిలుచుకొచ్చింది. దారిలో ఏమైనా చెప్పగలిగిందో లేదో. పెంటమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. రేణుకమ్మ ఆమె నుదుట కుంకుమ దిద్ది, తలలో పూలు తురిమి, బియ్యం చేతిలోకి తీసుకుంది.

"ఎందుకమ్మా నాకు గివన్ని?"

"మొదటి పేక ఏసినవట గద."

పెంటమ్మ మగ్గం గది వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. అలివేలమ్మ తల వంచుకుంది. ఆ వంచుకోవడంలోనే పెంటమ్మకు అంతా అర్థమయింది. మంచి మనిషి. కొంగు చాపింది.

"ఔ," అంది. "నేనే ఏసిన."

బియ్యం ఆమె కొంగులో పడ్డాయి. తను విసిరిన పేకకు ఇంకొకరి ఒడి నిండుతుంటే చూసిన అలివేలమ్మకు, తన చెయ్యి తన ఒంటికి లేనట్టే అనిపించింది.

రేణుకమ్మ అక్కడితో ఆగలేదు. మగ్గం గది గడప దాకా వచ్చి చీరను కళ్లారా చూసింది. మెచ్చుకుంది. అలివేలమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"బాధపడకు వదినె. నీ మీద నాకేం లేదు. కాని ఇన్ని మాటలొచ్చినంక అనుమానం ఎందుకు చెప్పు. మిగిలిన చీర పెంటమ్మనే నేస్తే మా మనసుకు నిమ్మళంగుంటది."

"నేనెందుకమ్మా," అంది పెంటమ్మ వెనక నుంచి. "అలివేలు చెయ్యి నాకు రాదు."

"వచ్చినంత నెయ్యి. ముత్తైదువ చెయ్యి, గంతే."

భాగ్యలక్ష్మి అత్త వైపు చూసింది. కురుమూర్తి నేల చూపులు చూశాడు. వర్ష వాళ్లందరి వెనక నిలబడి ఉంది. కాంతమ్మ గోడ పట్టుకుని లేచి, మెల్లగా మగ్గం దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"లేయ్ అలివేలు. నాడె ఇటియ్యి."

అలివేలమ్మ లేవలేదు. నాడె మీద ఆమె పిడికిలి ఇంకా బిగిసింది.

"అలివేలు, నిన్నే."

"ఇస్త అత్తమ్మా," అంది అలివేలమ్మ. ఆమె గొంతు ఆ ఇంట్లో ఎవరికీ పరిచయం లేనంత తేటగా ఉంది. చూపు మాత్రం అందరినీ దాటి వర్ష దగ్గర ఆగింది. "ఇచ్చే ముందుగాల ఒక్క మాట. ఆనాడు దీన్ని పట్టిన చెయ్యి ఎవరిదో నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు చెప్తే ఇచ్చేస్త."

రేణుకమ్మ వెనక్కి తిరిగి వర్ష వైపు చూసింది.